చిన్న పడవను లాగే ఇంధన పొదుపు వాహనం

చిన్న పడవను లాగే వాహనం అనగా, ట్రైలరుపై కట్టిన పడవను ఇంటి నుండి నీటి ఒడ్డుకు, అక్కడి నుండి తిరిగి ఇంటికి చేర్చుటకు వాడే కారు, వ్యాను లేదా పికప్ ట్రక్కు. ఉత్తర అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఈ వాడుక చాలా సాధారణం. పడవ ఉన్నవారిలో చాలామంది దానిని సంవత్సరంలో కొద్ది రోజులు మాత్రమే లాగుతారు. మిగిలిన రోజులన్నీ అదే వాహనంలో ఉద్యోగానికి, బజారుకు, పిల్లల బడికి వెళ్ళివస్తారు. అందువలన బరువు లాగగల శక్తిని, రోజువారీ ఇంధన వినియోగాన్ని రెండింటినీ తూచి చూడవలసి వస్తుంది. శక్తి చాలని వాహనం రోడ్డుపైన, నీటి ఒడ్డున ప్రమాదకరం. అవసరాన్ని మించిన వాహనం ఏడాది పొడవునా పెట్రోలు ఖర్చు పెంచుతుంది.

ఈ వ్యాసంలో చిన్న పడవ అనగా ట్రైలరు, మోటారు, సామానులతో కలిపి సుమారు 1,500 కిలోల లోపు ఉండేది. చేపలు పట్టే అల్యూమినియం పడవలు, 14 నుండి 17 అడుగుల ఫైబర్‌గ్లాసు మోటారు పడవలు, చిన్న తెరచాప పడవలు ఈ కోవలోనివి.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఫైబర్‌గ్లాసు పడవలు విరివిగా రావడం, 1956 చట్టంతో అమెరికాలో అంతర్రాష్ట్ర రహదారుల నిర్మాణం మొదలవడం వలన, మధ్య తరగతి కుటుంబాలు కూడా పడవను ఇంటి వద్దనే ఉంచుకొని సెలవు దినాలలో సరస్సులకు లాగుకొని పోవడం అలవాటయింది. ఆ రోజులలో దీనికి ప్రత్యేకమైన వాహనం అవసరం లేకపోయింది. ఎనిమిది సిలిండర్ల ఇంజను, గట్టి ఉక్కు చట్రం కలిగిన మామూలు సెడాన్లు, స్టేషన్ వ్యాగన్లే ఆ పని చేసేవి.

1973 చమురు సంక్షోభంతో పరిస్థితి మారింది. 1974లో అమెరికాలో గంటకు 55 మైళ్ళ జాతీయ వేగ పరిమితి విధించారు (దీనిని 1995లో ఎత్తివేశారు). 1975లో కార్ల కంపెనీలకు సగటు ఇంధన పొదుపు ప్రమాణాలను నిర్ణయించే చట్టం వచ్చింది. కార్లు చిన్నవై, తేలికై, ముందు చక్రాల చోదనానికి మారాయి. ఇంధనం ఆదా అయింది గాని లాగే శక్తి తగ్గింది. తేలిక ట్రక్కులకు నిర్ణయించిన ప్రమాణాలు కార్ల ప్రమాణాలకంటే సడలింపుగా ఉండడం వలన, బరువు లాగవలసినవారు క్రమంగా పికప్‌ల వైపు, ఎస్‌యూవీల వైపు మళ్ళారు. పొదుపు కోసం తెచ్చిన చట్టమే కొనుగోలుదారులను ఎక్కువ ఇంధనం తాగే వాహనాల వైపు కొంత నెట్టినదని దీనిపై విమర్శ ఉన్నది. 2000 తరువాత హైబ్రిడ్ వాహనాలు, టర్బో బిగించిన చిన్న ఇంజన్లు, అటుపిమ్మట విద్యుత్ వాహనాలు రావడంతో పొదుపు, లాగు సామర్థ్యం ఒకే వాహనంలో కొంతవరకు లభించుట మొదలయింది.

పడవ అసలు బరువు

వాహనాన్ని ఎంచుకొనుటకు ముందు పడవ ఎంత బరువో తెలియాలి. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఇక్కడే. పడవ కంపెనీల కేటలాగులో కనిపించేది సాధారణంగా పొడి బరువు, అనగా ఖాళీ పడవ దేహం బరువు. అందులో బయటి మోటారు, ఇంధనం, బ్యాటరీ, లంగరు, ట్రైలరు చేరి ఉండవు.

ఉదాహరణకు 16 అడుగుల ఫైబర్‌గ్లాసు పడవ ఒకటి 420 కిలోలు అనుకొందాం. దానికి 50 అశ్వశక్తుల మోటారు సుమారు 115 కిలోలు. 45 లీటర్ల పెట్రోలు సుమారు 33 కిలోలు. బ్యాటరీ 25 కిలోలు. లంగరు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, చేపల సామాను, మంచు పెట్టె కలిపి 50 కిలోలు. ట్రైలరు 200 కిలోలు. మొత్తం 843 కిలోలు. కేటలాగులోని అంకెకు ఇది సుమారు రెండింతలు.

పాత పడవల విషయంలో మరొక చిక్కు ఉన్నది. ఫైబర్‌గ్లాసు పొరల మధ్యనున్న చెక్క, నేల కింద నింపిన నురుగు ఏళ్ళ తరబడి నీరు పీల్చుకొని ఉంటాయి. పైకి పొడిగా కనిపించే పడవ కూడా కొత్తదానికంటే ఎన్నో కిలోలు ఎక్కువ తూగవచ్చు. దీనికి ఉన్న నమ్మకమైన మార్గం తూకం వేయించుట ఒక్కటే. అమెరికాలో రహదారుల పక్కన లారీలు ఆగే చోట్ల వేబ్రిడ్జిలు ఉంటాయి. కొద్ది డాలర్ల రుసుముతో ఎవరైనా తూకం వేయించుకోవచ్చు. పడవను ప్రయాణానికి సిద్ధం చేసిన విధంగానే, ఇంధనంతోను సామానుతోను కలిపి తూచవలెను.

లాగు సామర్థ్యం

ప్రతి వాహనానికి అది లాగగల గరిష్ఠ బరువును తయారీదారు నిర్ణయించి యజమాని పుస్తకంలో ముద్రిస్తాడు. ఇది ఇంజను శక్తిని మాత్రమే బట్టి వచ్చిన అంకె కాదు. బ్రేకులు, ఇంజను చల్లబడే తీరు, గేరుపెట్టె, వెనుక స్ప్రింగులు, హిచ్ బిగించే చోట చట్రం బలం, ఇవన్నీ అందులో ఇమిడి ఉంటాయి. (వాహనం వెనుక బిగించే, ట్రైలరును తగిలించే ఇనుప కొక్కీని హిచ్ అంటారు.) కాబట్టి ఇంజనుకు బలమున్నదని చెప్పి పుస్తకంలోని అంకెను దాటుట సరికాదు.

చాలా కాలం వరకు ఈ అంకెను ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పద్ధతిలో లెక్కగట్టేది. ప్రకటనలలో పోటీపడి పెంచి చూపడం కూడా జరిగేది. అమెరికాలోని సొసైటీ ఆఫ్ ఆటోమోటివ్ ఇంజినీర్స్ 2008లో జె2807 అనే ప్రమాణాన్ని ప్రచురించింది. టయోటా కంపెనీ 2011 మోడళ్ళతో దీనిని అందరికంటే ముందు పాటించింది. ఈ ప్రమాణం ప్రకారం వాహనం గరిష్ఠ బరువుతో గంటకు 60 మైళ్ళ వేగాన్ని 30 సెకన్లలో అందుకోవాలి. ఆరిజోనా రాష్ట్రంలోని డేవిస్ డ్యాం వద్ద 18 కిలోమీటర్లకు పైగా సాగే ఎక్కుడు దారిని, వేసవి ఎండలో, ఏసీ పూర్తిగా వేసి, గంటకు 40 మైళ్ళకు తగ్గకుండా ఎక్కాలి. ఈ పరీక్షలో వాహనంలో డ్రైవరు, మరొక ప్రయాణికుడు మాత్రమే ఉన్నట్లు లెక్కిస్తారు. అయిదుగురు మనుషులు, వారి సామాను ఎక్కినప్పుడు ట్రైలరుకు మిగిలే సామర్థ్యం ఆ మేరకు తగ్గుతుంది. కొన్ని కార్ల యజమాని పుస్తకాలలో, వేడి రోజున పొడవైన ఎక్కుడు దారిపై సామర్థ్యాన్ని సగానికి తగ్గించి చెప్పే సూచన కూడా ఉంటుంది. దీనిని చదివేవారు తక్కువ.

అనుభవమున్నవారు సామర్థ్యంలో అయిదవ వంతైనా మిగులు ఉంచుకుంటారు. పైన చెప్పిన 843 కిలోల పడవకు ఈ లెక్కన సుమారు 1,050 కిలోల సామర్థ్యం కావలెను. అమెరికాలో అమ్మిన కొన్ని వాహనాలను దీనితో పోల్చి చూడవచ్చు. హోండా సీఆర్‌-వీ పెట్రోలు కారు 680 కిలోలు, 2019 మోడల్ టయోటా రావ్4 హైబ్రిడ్ 794 కిలోలు మాత్రమే లాగగలవు. రావ్4 హైబ్రిడ్ లీటరుకు సుమారు 17 కి.మీ. ఇచ్చినా ఈ పడవకు చాలదు. 2022 మోడల్ ఫోర్డ్ మావెరిక్ హైబ్రిడ్ పికప్ సామర్థ్యం 907 కిలోలు. పడవ బరువుకు సరిపోతుంది గాని మిగులు ఉండదు. ఇదే మావెరిక్‌ను టర్బో ఇంజనుతోను, లాగుటకు కావలసిన ప్రత్యేక పరికరాలతోను కొన్నచో సామర్థ్యం 1,814 కిలోలకు పెరుగుతుంది, మైలేజీ మాత్రం తగ్గుతుంది. 2020 మోడల్ సుబారు ఔట్‌బ్యాక్ 2.5 లీటర్ల కారు 1,225 కిలోలు లాగుతుంది, లీటరుకు సుమారు 12 కి.మీ. ఇస్తుంది. అదే సంవత్సరపు టయోటా హైలాండర్ హైబ్రిడ్ 1,588 కిలోలు లాగుతూ లీటరుకు సుమారు 15 కి.మీ. ఇస్తుంది. 2021 నుండి హైబ్రిడ్‌గా మాత్రమే తయారైన టయోటా సియెనా వ్యాను అంకెలు కూడా దాదాపు ఇవే. ఈ మైలేజీలు అమెరికా పర్యావరణ సంస్థ పరీక్షలలో వచ్చినవి, ట్రైలరు లేకుండా కొలిచినవి.

ఐరోపాలో ఇవే కార్లకు ఎక్కువ అంకెలు

ఒకే కారుకు అమెరికాలో తక్కువ, ఐరోపాలో ఎక్కువ లాగు సామర్థ్యం చెప్పుట చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ డీజిల్ కారు ఐరోపాలో సుమారు 1,500 కిలోల బ్రేకులున్న ట్రైలరును లాగుటకు అనుమతి పొందినది. 2016లో వచ్చిన టయోటా ప్రియస్‌కు ఐరోపాలో 725 కిలోల సామర్థ్యం ఉండగా అమెరికాలో అసలు లాగరాదని ఉన్నది.

ఇందుకు కారణాలు పలు. ఐరోపాలో ట్రైలరు తగిలించిన వాహనాలకు వేగ పరిమితి తక్కువ. జర్మనీలో ఇది సాధారణంగా గంటకు 80 కి.మీ., ప్రత్యేక అనుమతి పొందినవాటికి 100 కి.మీ. వేగం తక్కువైనందున హిచ్ మీద తక్కువ బరువు మోపినా ట్రైలరు నిలకడగా ఉంటుంది, కాబట్టి చిన్న కారుపై భారం తగ్గుతుంది. 750 కిలోలు దాటిన ట్రైలర్లకు అక్కడ సొంత బ్రేకులు తప్పనిసరి. అమెరికాలో రహదారి వేగాలు ఎక్కువ, దూరాలు ఎక్కువ, ప్రమాదం జరిగితే కంపెనీపై దావా పడే భయమూ ఎక్కువ. పెద్ద ట్రక్కులు అమ్ముకొనే ఉద్దేశ్యంతోనే కార్ల సామర్థ్యాన్ని తగ్గించి చెబుతారనే ఆరోపణ కూడా వినవస్తుంది. ఏది ఎట్లున్నా, ఐరోపా అంకెను చూపి అమెరికాలో గంటకు 110 కి.మీ. వేగంతో లాగుట క్షేమం కాదు. ఆ అంకె ఆ వేగాలకే చెల్లుతుంది. వారంటీ, బీమా కంపెనీలు కూడా స్థానిక పుస్తకాన్నే లెక్కలోకి తీసుకుంటాయి.

హిచ్ మీద పడే బరువు

ట్రైలరు ముందు భాగం హిచ్‌పై కొంత బరువు మోపుతుంది. అమెరికాలో సాధారణ ట్రైలర్లకు ఇది మొత్తం బరువులో 10 నుండి 15 శాతం ఉండాలని చెబుతారు. పడవ ట్రైలర్లలో ఇంకా తక్కువ, 5 నుండి 10 శాతం వరకు ఉండుట కద్దు. ఈ బరువు మరీ తక్కువైతే ట్రైలరు పాము తోకవలె అటూ ఇటూ ఊగుతుంది. ఒక వేగం దాటాక ఈ ఊపు దానంతటదే పెరిగి, వెనుకనున్న ట్రైలరు ముందున్న కారును తిప్పివేయగలదు. మరీ ఎక్కువైతే కారు వెనుక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికై, స్టీరింగు, బ్రేకులు పట్టు తప్పుతాయి.

బయటి మోటారు, ఇంధన ట్యాంకు సాధారణంగా పడవ వెనుక భాగంలోనే ఉంటాయి. అందువలన పడవ ట్రైలర్లలో హిచ్ మీద బరువు తక్కువ పడుట తరచుగా జరుగుతుంది. పడవ ముక్కును కట్టే స్తంభాన్ని ట్రైలరుపై కొద్దిగా ముందుకు జరిపి దీనిని సరిచేస్తారు. ట్రైలరు మొత్తం బరువు ఎక్కువ లేకపోతే, ఇంట్లో మనుషులు తూగే తూకంపై ట్రైలరు ముందు కాలును ఆనించి కూడా దీనిని కొలవవచ్చు.

అమెరికాలో హిచ్‌లను తరగతులుగా విభజించారు. మొదటి తరగతి 907 కిలోల వరకు, రెండవ తరగతి 1,588 కిలోల వరకు. హిచ్ తరగతి పెద్దదైనంత మాత్రాన కారు సామర్థ్యం పెరగదు. రెండింటిలో ఏది తక్కువో అదే హద్దు.

ఇంధన వినియోగం

ట్రైలరు లాగేటప్పుడు ఇంధనం మూడు విధాలుగా అదనంగా ఖర్చవుతుంది: అదనపు చక్రాల రాపిడికి, ఎక్కుడు దారులలో, ఆగి బయలుదేరినప్పుడు అదనపు బరువును కదిలించుటకు, గాలి నిరోధాన్ని అధిగమించుటకు. సమతలమైన రహదారిపై వీటిలో గాలి నిరోధమే ముఖ్యం. ఇది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 90 కి.మీ. నుండి 105 కి.మీ.కు వేగం పెంచితే గాలి నిరోధ బలం 36 శాతం, 120 కి.మీ.కు పెంచితే 78 శాతం పెరుగుతుంది. ట్రైలరుతో వెళ్ళేటప్పుడు ఇంధనం ఆదా చేయుటకు వేగం తగ్గించుటకంటే చౌకైన ఉపాయం లేదు. కాలిఫోర్నియాలో ట్రైలరు లాగే వాహనాలకు గంటకు 55 మైళ్ళ పరిమితి ఉన్నది. ఇది భద్రతతో పాటు ఇంధనాన్ని కూడా కాపాడుతున్నది.

ఈ విషయంలో చిన్న పడవ అదృష్టం గలది. ఇల్లు వంటి కారవాన్ కారుకంటే ఎంతో ఎత్తుగా లేచి గాలికి అడ్డు నిలుస్తుంది. చిన్న మోటారు పడవ చాలావరకు కారు వెనుకనే దాగి ఉంటుంది, దాని ముక్కు కూడా కోసుగా ఉంటుంది. అదే బరువున్న కారవాన్‌తో పోలిస్తే పడవకు తక్కువ ఇంధనం పడుతుంది. పైన ఎండ కోసం వేసే గుడారపు పందిరిని మడిచి, కప్పును బిగించి కట్టినచో మరికొంత మేలు. వదులుగా కట్టిన కప్పు గాలికి కొట్టుకొని ఇంధనాన్ని తింటుంది, త్వరగా చిరిగిపోతుంది కూడా.

అయితే ఏడాది లెక్క చూచినప్పుడు ట్రైలరుతో అయ్యే ఖర్చు కంటే ట్రైలరు లేని రోజుల ఖర్చే ఎక్కువ. తెలుగువారు అధిక సంఖ్యలో నివసించే డల్లాస్ నగరం నుండి టెక్సోమా సరస్సుకు సుమారు 120 కి.మీ. దూరం. సంవత్సరానికి నాలుగు సార్లు పడవతో వెళ్ళివస్తే దాదాపు 1,000 కి.మీ. అవుతుంది. ఆ కుటుంబం ఏడాదికి 15,000 కి.మీ. నడిపితే, మిగిలిన 14,000 కి.మీ. పడవ లేకుండా నడిపినవే. మామూలుగా లీటరుకు 15 కి.మీ., పడవతో 9 కి.మీ. ఇచ్చే హైబ్రిడ్‌కు ఏడాదికి 933, 111, మొత్తం 1,044 లీటర్లు ఖర్చవుతాయనుకొందాం. మామూలుగా 8.5 కి.మీ., పడవతో 6 కి.మీ. ఇచ్చే పెద్ద పికప్‌కు 1,647, 167, మొత్తం 1,814 లీటర్లు అవుతాయి. రెండింటి మధ్య తేడా 770 లీటర్లు. అందులో పడవ లాగినందువలన వచ్చినది 56 లీటర్లు మాత్రమే. మిగతా 714 లీటర్లు పడవ ఇంటి వద్దనే ఉన్న రోజులలో కాలిపోయినవి. పడవ ఉన్నది గదా అని పెద్ద ట్రక్కు కొనేవారు ఈ లెక్కను సాధారణంగా వేయరు.

ఇంజను, గేరుపెట్టె

తక్కువ వేగంలోనే ఎక్కువ తిప్పుడు బలం ఇచ్చే ఇంజను లాగుటకు అనువైనది. డీజిల్ ఇంజన్లు ఈ విషయంలో మేలైనవి, భారం పడినప్పుడు కూడా వాటి వినియోగం పెట్రోలు ఇంజన్లంత త్వరగా పెరగదు. ఐరోపాలో పడవలు లాగేవారు చాలా కాలం డీజిల్ కార్లనే ఎంచుకొనుటకు కారణం ఇదే. అమెరికాలో 2015లో ఫోక్స్‌వ్యాగన్ ఉద్గారాల మోసం బయటపడిన తరువాత చిన్న డీజిల్ కార్లు దాదాపు కనుమరుగైనాయి. పికప్‌లలో మాత్రం డీజిల్ మిగిలింది. 2020 మోడల్ షెవర్లే సిల్వరాడో 3.0 లీటర్ల డీజిల్ రెండు చక్రాల చోదనంతో లీటరుకు సుమారు 11 కి.మీ. ఇచ్చింది. అంత పెద్ద వాహనానికి ఇది మంచి అంకె.

చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లు ఖాళీగా నడిచేటప్పుడు బాగా పొదుపు చేస్తాయి. భారం పడగానే టర్బో నిరంతరంగా పనిచేసి, ఇంజను వేడెక్కకుండా అదనపు పెట్రోలు పోయవలసి వచ్చి, మైలేజీ బాగా పడిపోతుంది. ఏడాదికి నాలుగు ప్రయాణాలు చేసేవారికి ఇది లోపం కాదు.

లాగుటలో మొదట దెబ్బతినేది తరచుగా ఇంజను కాదు, గేరుపెట్టె. ఆటోమేటిక్ గేరుపెట్టెలోని నూనె వేడెక్కితే దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుకే లాగుటకు ఉద్దేశించిన వాహనాలలో నూనెను చల్లబరిచే అదనపు రేడియేటరు ఉంటుంది. బెల్టు లేదా గొలుసుతో పనిచేసే సీవీటీ గేరుపెట్టెలు వేడికి మరింత సున్నితమైనవి. టయోటా హైబ్రిడ్లలో వాడే గేరు అమరికలో బెల్టు గాని, జారే క్లచ్చి గాని లేదు. పేరులో సీవీటీ అని ఉన్నందువలన రెండింటినీ ఒకటిగా భావిస్తారు గాని అవి వేరు. పొడవైన కొండ దారులలో హైబ్రిడ్ బ్యాటరీ ఖాళీ అయిన తరువాత ఇంజను ఒక్కటే లాగవలసి వస్తుంది. అప్పుడు పెద్ద శబ్దంతో తిరుగుట సహజం.

ర్యాంపు

పడవను నీటిలోకి దింపే కాంక్రీటు వాలును ర్యాంపు అంటారు. దీని వాలు సాధారణంగా 12 నుండి 15 శాతం. రహదారిపై హాయిగా లాగిన కారు ఇక్కడ ఓడిపోవచ్చు. పడవను దింపుట సులభమే. సాయంత్రం తడిసిన పడవను పైకి లాగుట కష్టం. కింది భాగంలో నీటి మట్టం వద్ద నాచు పట్టి ఉంటుంది. సముద్రపు ఒడ్డున పాటు సమయంలో ఆ నాచు మరింత బయటపడుతుంది.

ఇక్కడ సమస్య శక్తి కాదు, చక్రాల పట్టు. 1,500 కిలోల కారు 800 కిలోల ట్రైలరును 15 శాతం వాలుపై నిలిపి ఉంచుటకే సుమారు 340 కిలోల లాగుడు బలం కావాలి. ముందు చక్రాల చోదనం గల కారులో సమతలంపై ముందు చక్రాల మీద 900 కిలోలు ఉంటే, ఎక్కుడుపై బరువు వెనుకకు ఒరుగుట వలన, హిచ్ కారు వెనుకను కిందికి నొక్కుట వలన అది సుమారు 800 కిలోలకు తగ్గుతుంది. కాబట్టి టైరుకు, నేలకు మధ్య ఘర్షణ గుణకం కనీసం 0.43 ఉండాలి. శుభ్రమైన తడి కాంక్రీటుపై ఇది దొరుకుతుంది, నాచుపై దొరకదు. చక్రాలు అక్కడే తిరిగి పొగలు కక్కుతాయి, లేదా కారు మెల్లగా వెనుకకు జారుతుంది. నాలుగు చక్రాలకూ చోదనం ఉన్నచో అదే పనికి 0.22 చాలును. చిన్న పడవకు నాలుగు చక్రాల చోదనం వలన కలిగే అసలు ప్రయోజనం రహదారిపై కాదు, ఈ ఇరవై అడుగుల తడి నేలపైనే.

దీనికోసం ఏడాది పొడవునా కొంత మైలేజీ వదులుకోవలసి వస్తుంది. కొన్ని హైబ్రిడ్లలో వెనుక చక్రాలను విడిగా ఒక విద్యుత్ మోటారు తిప్పుతుంది, ఇరుసును కలిపే పొడవైన కడ్డీ ఉండదు. హైలాండర్ హైబ్రిడ్ ఇటువంటిదే. ఇందులో నాలుగు చక్రాల చోదనం వలన తగ్గే మైలేజీ స్వల్పం. ముందు చక్రాల చోదనం గల కారే ఉన్నవారు తక్కువ వాలున్న ర్యాంపును ఎంచుకొనుట, ట్రైలరుకు పొడవైన ముందు కాడి బిగించి కారు చక్రాలను పొడి నేలపైనే ఉంచుట, ముందు సీట్లలో మనుషులను కూర్చోబెట్టుట వంటి ఉపాయాలు పాటిస్తారు. ఏ వాహనమైనా ర్యాంపుపై ఆపినప్పుడు చేతి బ్రేకు వేసి, చక్రాల వెనుక దిమ్మెలు పెట్టుట అవసరం. లేకపోతే పడవతో పాటు కారు కూడా నీటిలోకి జారిపోయే ప్రమాదం ఉన్నది.

ఉప్పు నీటిలో దింపిన తరువాత ట్రైలరును, కారు వెనుక చక్రాలను, బ్రేకులను మంచినీటితో కడగవలెను.

బ్రేకులు, చక్రాలు, చట్టాలు

కారు బ్రేకులు కారు బరువుకు తగినట్లు చేసినవి. కొన్ని కంపెనీలు సుమారు 450 కిలోలు దాటిన ట్రైలరుకు సొంత బ్రేకులు ఉండాలని యజమాని పుస్తకంలోనే చెబుతాయి. అమెరికాలో చట్టం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చాలా రాష్ట్రాలలో హద్దు 1,361 కిలోలు, కాలిఫోర్నియాలో 680 కిలోలు. బ్రిటన్‌లో బ్రేకులు లేని ట్రైలరు 750 కిలోలు గాని, కారు బరువులో సగం గాని, ఏది తక్కువైతే దానిని మించరాదు. చిన్న కారు ఎంచుకొన్నవారికి ఈ రెండవ నిబంధనే అడ్డు వస్తుంది. పడవ ట్రైలర్లు నీటిలో మునుగుతాయి కాబట్టి వాటికి విద్యుత్ బ్రేకుల కంటే, కారు వేగం తగ్గినప్పుడు ట్రైలరు ముందుకు తోసే బలంతోనే పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులను ఎక్కువగా వాడతారు.

బ్రిటన్‌లో 2021 డిసెంబరు 16 నుండి మామూలు కారు లైసెన్సు ఉన్నవారు ప్రత్యేక పరీక్ష లేకుండానే 3,500 కిలోల వరకు ట్రైలరును లాగవచ్చు. ఐరోపా సమాఖ్యలో మామూలు లైసెన్సుతో 750 కిలోల ట్రైలరును లాగవచ్చు. అంతకు మించినచో కారు, ట్రైలరు కలిపి 3,500 కిలోలు దాటరాదు.

ట్రైలరు చక్రాలు చిన్నవి, అందుచేత కారు చక్రాలకంటే వేగంగా తిరిగి వేడెక్కుతాయి. వేడి మీదున్న బేరింగులను నేరుగా చల్లని నీటిలో ముంచితే లోపలి గాలి కుంచించుకొని నీటిని పీల్చుకుంటుంది. గ్రీజు పాడై, తరువాతి ప్రయాణంలో చక్రం ఊడిపోయే ప్రమాదం ఉన్నది. ఒడ్డుకు చేరగానే పావుగంట ఆగి, ఈలోగా సామాను సర్దుకొనుట మంచిది. గాలి తగ్గిన టైర్లు ఇంధనాన్ని వృథా చేస్తాయి, వేడికి పగులుతాయి కూడా.

విద్యుత్ వాహనాలు

విద్యుత్ మోటారు నిలిచి ఉన్న స్థితి నుండే పూర్తి తిప్పుడు బలం ఇస్తుంది. ర్యాంపుపై పడవను నెమ్మదిగా, కుదుపు లేకుండా పైకి లాగుటకు ఇంతకంటే మేలైనది లేదు. దిగుడు దారులలో కొంత శక్తి తిరిగి బ్యాటరీకి చేరుతుంది. టెస్లా మోడల్ వై అమెరికాలో 1,588 కిలోలు, ఐరోపాలో 1,600 కిలోలు లాగుటకు అనుమతి కలిగినది.

అసలు ఇబ్బంది దూరం. పెద్ద కారవాన్ లాగినప్పుడు ఒక్క చార్జింగుతో వెళ్ళగల దూరం సగానికి దగ్గరగా పడిపోవుట పలు పరీక్షలలో కనబడింది. పడవ ఎత్తు తక్కువ కాబట్టి తగ్గుదల అంత ఉండదు, అయినా గణనీయమే. పైగా చాలా చార్జింగు కేంద్రాలు ఒక్క కారు పట్టే విధంగా కట్టినవి. ట్రైలరును విప్పి పక్కన నిలిపి, చార్జింగు అయిన తరువాత తిరిగి తగిలించుకోవలసి వస్తుంది. ఇంటికి 50, 60 కి.మీ. దూరంలో సరస్సు ఉన్నవారికి ఈ బాధ ఉండదు.

లాగకుండా గడుపుకొనే మార్గాలు

పడవను సరస్సు ఒడ్డునే అద్దె స్థలంలో ఉంచుట, ఏడాదికి రెండు మూడు రోజులు మాత్రం పికప్‌ను అద్దెకు తీసుకొనుట కొందరికి లాభసాటి. అద్దె కంపెనీలన్నీ ట్రైలరు లాగుటకు ఒప్పుకోవు, కాబట్టి ముందుగా అడుగవలెను. గాలి నింపే పడవలు కారు డిక్కీలో ఇముడుతాయి. లేజర్ అనే ఒకరు నడిపే తెరచాప పడవ దేహం 59 కిలోలు, పొడవు 4.2 మీటర్లు. పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ 35 కిలోలు. తగిన బలం గల చట్రం ఉన్నచో వీటిని కారు పైకప్పుపై కట్టుకొని పోవచ్చు. పైకప్పు మోయగల బరువును ముందుగా యజమాని పుస్తకంలో చూచుకొనవలెను.

భారతదేశంలో కారుతో పడవ ట్రైలరును లాగుట అరుదు. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవలను నడిపే క్లబ్బులు ఉన్నవి. సికింద్రాబాద్ సెయిలింగ్ క్లబ్, ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వాటిలోనివి. అక్కడ లేజర్, ఆప్టిమిస్ట్ వంటి పడవలను ఒడ్డునే భద్రపరచి, రెండు చక్రాల చేతిబండ్లపై మనుషులే నీటిలోకి దింపుతారు.